పక్షిని కాస్త దూరంగానే ఉండనివ్వండి

పక్షుల ఫోటోలు తీసేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే పక్షుల గురించి మాట్లాడుకుంటారని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి వాళ్ళ మాటలన్నీ దూరం గురించే. ఎంత దగ్గరకు వెళ్ళగలిగారు, లెన్సు ఎన్ని మిల్లీమీటర్లు, ఫోటోను కత్తిరించారా లేక నిండుగా అలాగే వచ్చిందా. ఒడిశాలోని మా బరంపురంలోనూ ఇదే వరస. డిసెంబరు వచ్చిందంటే ఆదివారం చీకటితోనే కార్లు బయలుదేరతాయి. జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళి, టాంగీ దగ్గర మళ్ళి, తెల్లవారేసరికి చిలికా సరస్సు ఒడ్డున ఉన్న మంగళాజోడి రేవు చేరతాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు ఫోన్లలో బొమ్మలు వచ్చిపడతాయి. నీలి బొల్లికోడి తల. గాడ్‌విట్ తల. జక్కవ తల. కంట్లో మెరుపుచుక్క, ముక్కు చివర నీటిబొట్టు, వెనకంతా ఆనవాలు పట్టలేని ఆకుపచ్చ మసక. అద్భుతం, అమోఘం అంటూ అందరూ పొగుడుతారు.

ఈ తలల ఫోటోలంటే నాకు విసుగు పుట్టి చాలా కాలమైంది. చిత్తడి నేలలో తీసే ఫోటోలో పక్షికి పదో వంతు చోటు చాలునని నా అభిప్రాయం. మిగిలిన తొమ్మిది వంతులూ నీళ్ళకు, గడ్డికి, బురదకు, వలగుంజలకు, వెనకున్న కొండకు వదిలెయ్యాలి. పక్షి దూరంగా ఉన్న ఫోటోను చేతగాక తీసిన ఫోటోగా చూడటం మానుకోవాలి. పక్షికీ అదే మేలు, పడవ నడిపేవాడికీ అదే మేలు. చివరికి ఫోటోకు కూడా.

ముందు ఫోటో సంగతే చూద్దాం. చిలికా కాలాన్ని బట్టి 900 నుంచి 1,100 చదరపు కిలోమీటర్ల పైదాకా పరుచుకునే సరస్సు. బంగాళాఖాతపు ఉప్పునీరు, మహానది పాయల మంచినీరు కలిసే చోటు. 1981లో మన దేశం నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరిన మొదటి రెండు చిత్తడి నేలల్లో ఇది ఒకటి, రెండోది భరత్‌పూర్‌లోని కేవలాదేవ్. ఆ తర్వాత పూడిక పేరుకుంది, సముద్రంతో రాకపోకలు తగ్గాయి, నీటిలో ఉప్పదనం పడిపోయింది, కలుపు పెరిగింది. 1993లో ముప్పులో ఉన్న చిత్తడి నేలల పట్టికకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వాక కోలుకుని, 2002లో ఆ పట్టిక నుంచి బయటపడింది. ఇక్కడ పక్షుల కథంతా నీళ్ళ కథే. ఉప్పు ఎంత, లోతు ఎంత, అడుగున పెరిగేది ఏ నాచు, ఒడ్డున పెరిగేది ఏ గడ్డి అన్నదాన్ని బట్టే ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో తేలుతుంది. గాడ్‌విట్ తన కాళ్ళు మునిగేంత నీటిలో నిలబడి పొడవాటి ముక్కును మొదలంటా బురదలోకి దించి వెతుక్కుంటుంది. సూదితోక బాతు ఇంకాస్త లోతులో తోక పైకెత్తి తలకిందులవుతుంది. బొల్లికోడి జమ్ము దుబ్బుల్లో దూరి కాడను కాలి వేళ్ళతో పట్టుకుని మరీ కొరుకుతుంది.

తల ఫోటోలో ఇవేవీ ఉండవు. వెనక మసక ఒక్కటే ఉన్నప్పుడు అది కొల్లేరు కావచ్చు, పులికాట్ కావచ్చు, భరత్‌పూర్ కావచ్చు. జంతుప్రదర్శనశాల కావచ్చు కూడా. మా గంజాం జిల్లా వైపున్న రంభలో తూర్పు కనుమల కొండలు దాదాపు నీళ్ళ దాకా దిగి వస్తాయి. హౌరా–చెన్నై దారిలో రైలెక్కినవాళ్ళకు ఆ చోటు తెలిసే ఉంటుంది. కాసేపు ఒక పక్క కొండ, ఇంకో పక్క సరస్సు. ఆ కొండ వరస, దాని కింద మంచు, మంచు కింద బాతుల బారు, ఈ మూడూ ఒకే ఫ్రేములో ఉంటే అది ఎక్కడిదని ఎవరూ అడగక్కర్లేదు. చిలికాలో ఏటా జనవరిలో పక్షులను లెక్కిస్తారు. 2023, 2024, 2025 మూడేళ్ళూ ఆ లెక్క 11 లక్షలు దాటింది. పదకొండు లక్షల పక్షులున్న చోటికి వెళ్ళి ఒక్క తల పట్టుకొస్తున్నామంటే, గోడకు దుప్పి తలలు తగిలించుకున్న పాత జమీందార్లు గుర్తుకు రాక మానరు.

ఇక పడవ సంగతి. మంగళాజోడిలో నాటు పడవలను వెదురు గడలతో నెడతారు, మోటారు చప్పుడు ఉండదు. పడవ నడిపే మనిషి గడను బురదలో దింపి, నడుం వంచి, పడవ ముక్కును మెల్లగా తిప్పుతాడు. ఎండ మన వీపు మీద, పక్షి మొహం మీద పడేలా నిలబెడతాడు. వెలుగు ఎటు నుంచి రావాలో లక్షల రూపాయల లెన్సులు మోసుకొచ్చిన వాళ్ళకన్నా అతనికే బాగా తెలుసు. ఎక్కడ ఆగాలో కూడా తెలుసు, ఎందుకంటే పక్షులు ముందే చెబుతాయి. మొదట మేత ఆగుతుంది. తలలు వంచి బురదలో పొడుచుకుంటున్న గుంపులో ఒక మెడ లేస్తుంది, తర్వాత రెండు, తర్వాత పది. అన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఎర్రటి పొడుగుకాళ్ళ స్టిల్ట్ పిట్టలు అరవడం మొదలుపెడతాయి, ఆ వీధికంతటికీ కాపలా అవే. తర్వాత నాలుగడుగులు నడుస్తాయి, ఆ తర్వాత ఎగురుతాయి. తెలిసినవాడు మొదటి మెడ లేచినప్పుడే గడ ఆపుతాడు.

ఆపితే మనవాళ్ళు ఊరుకోరు. "ఇంకొంచెం పోనీ భాయీ" అంటారు. "ఎగిరిపోతాయి బాబూ" అంటాడు అతను. "ఎగరనీ, ఎగిరే ఫోటోనే కావాలి."

ఈ సంభాషణ ఒడియాలో విన్నాను, హిందీలో విన్నాను, మన తెలుగులోనూ విన్నాను. పడవవాడికి ఒక్కో ట్రిప్పుకు దక్కేది తక్కువ, పైన ఎవరైనా చేతిలో పెడితేనే గిట్టుబాటు. ఆ పైడబ్బు దగ్గరతనాన్ని బట్టి ఉంటుంది. నిండుగా తల వస్తే ఐదు వందల నోటు, రాకపోతే మొహం చిట్లింపు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. ధర కట్టింది మనం. కొందరైతే చప్పట్లు కొట్టి గుంపును లేపుతారు, ఫోటోలో రెక్కలు విప్పుకుని ఉండాలి కదా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అంటే ఏమిటో చెప్పేచోట చంపడంతో ఆగలేదు. తరమడాన్ని, ఎరవేయడాన్ని, పక్షుల గూళ్ళనూ గుడ్లనూ కదిలించి కలవరపెట్టడాన్ని కూడా అందులోనే చేర్చింది. తుపాకీ పట్టుకున్నవాడికి ఈ సంగతి తెలుసు. కెమెరా పట్టుకున్నవాడు తనకు వర్తించదనుకుంటాడు.

ఒకసారి ఎగిరితే ఏమవుతుందండీ, మళ్ళీ వాలతాయి కదా అంటారు. వాలతాయి. ఈ బాతుల్లో, ఉల్లంకి పిట్టల్లో చాలావాటికి మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్య ఆసియాకో మంగోలియాకో సైబీరియాకో తిరుగు ప్రయాణం ఉంటుంది. తల మీద రెండు నల్ల పట్టీలున్న బాతు హిమాలయాలు దాటాలి. చలికాలమంతా తిని ఒంట్లో కొవ్వు పోగుచేసుకోవడమే వాటికి పని. మన పడవ ఒకసారి లేపుతుంది, వెనక పడవ ఇంకోసారి, పదింటికి వచ్చే పడవ మరోసారి. గద్ద వచ్చినప్పుడు ఎలాగూ లేస్తాయి, ఆ లేవడానికి అర్థముంది. మనకోసం లేవడం దండగ ఖర్చు.

ఇక్కడ నాతో విభేదించేవాళ్ళ మాట ఒకటి వినాలి, అది గట్టి మాట. పాతికేళ్ళ క్రితం దాకా మంగళాజోడి పక్షుల వేటకు పేరుమోసిన ఊరు. వలలు, విషం, తుపాకులు అన్నీ వాడేవారు, గుడ్లు ఏరుకునేవారు. 2000 ప్రాంతంలో ఆ ఊరివాళ్ళే వేట మానుకుని పక్షి రక్షణ సమితిగా ఏర్పడ్డారు. వేటగాళ్ళే కాపలాదారులయ్యారు, తర్వాత పడవ నడిపి పక్షులను చూపించడం మొదలుపెట్టారు. కాబట్టి, అంటారు మా మిత్రులు, నువ్వు వెక్కిరించే ఆ తలల ఫోటోలే మంగళాజోడికి జనాన్ని రప్పించాయి, జనం డబ్బు తెచ్చారు, డబ్బుతో వేట ఆగింది.

ఫోటోలు జనాన్ని రప్పించాయన్న మాట కాదనను. అయితే ఏది ముందు జరిగిందో చూడాలి. వేట ఆగాకే పక్షులు పడవను అంత దగ్గరకు రానివ్వడం మొదలైంది. వేట సాగుతున్న చోట ఏ బాతూ మనిషిని అన్ని గజాల్లోకి రానివ్వదు. మన ఫోటోలు ఆ నమ్మకం పుణ్యాన వచ్చినవే. ఊరంతా కష్టపడి సంపాదించిన ఆ నమ్మకాన్ని ఆదివారం ఆదివారం కొంచెం కొంచెంగా కరగదీస్తున్నది మనమే. జనం రావద్దని నేననడం లేదు. వచ్చినవాళ్ళు కోరేది మారాలంటున్నాను. పడవను జమ్ము అంచున నిలిపి గడను బురదలో గుచ్చేసి, కదలకుండా అరగంట కూర్చోండి. గడ్డి వేళ్ళ మధ్య నుంచి పిడికెడంత క్రేక్ పిట్ట బయటికొచ్చి, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ, తోక ఆడిస్తూ, పడవ పక్కనే మేస్తుంది. అప్పుడు నిండు ఫోటో తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. దగ్గరకు వచ్చింది అది కదా.

నలబణ విషయంలో వినిపించే సణుగుడు దీనికి తోబుట్టువే. చిలికా నడుమ సుమారు 15.5 చదరపు కిలోమీటర్ల లోతట్టు దీవి అది, వానాకాలంలో మునిగి, నీళ్ళు తగ్గాక పైకి తేలుతుంది. 1987లో దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. దాని మీద అడుగుపెట్టనివ్వరు. డబ్బు కట్టి అంత దూరం వెళితే రాజహంసలు గులాబీ చుక్కల్లా కనిపిస్తాయి తప్ప ఇంకేమీ రావని మనవాళ్ళ ఫిర్యాదు. ఆ గులాబీ చుక్కలే నలబణ. ఆకాశానికీ నీటికీ తేడా తెలియని ఆ బూడిద రంగు మధ్య పలచటి గులాబీ గీత ఉన్న ఫోటో పెద్ద సైజులో అచ్చు వేయించి చూడండి, ఆ చోటు ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది.

గూళ్ళ ఫోటోల గురించి ఎక్కువ చెప్పను, చెబితే కోపం వస్తుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానలు మొదలయ్యే వేళకు నత్తగుల్ల కొంగలు వచ్చి ఇళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. రెట్ట వాసన, పిల్లల రొద, ఇవన్నీ భరిస్తూ ఊరివాళ్ళు వాటిని పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. అక్కడికి వెళ్ళి డాబా ఎక్కి గూటి ఎత్తుకు చేరేవాళ్ళున్నారు, డ్రోను ఎగరేసేవాళ్ళున్నారు. పెద్ద కొంగ లేచిపోతే గూట్లో గుడ్లకో పిల్లలకో ఎండ తగులుతుంది, కాకి కాచుకునే ఉంటుంది. వెనకటి తరం వాళ్ళు గూళ్ళ దగ్గరే ఫోటోలు తీశారంటే, బరువైన కెమెరాలు, మందకొడి ఫిల్ములు, పొట్టి లెన్సులతో వాళ్ళకు వేరే దారి లేదు. ఇప్పుడు ఆ సాకు లేదు. కింద వీధిలో నిలబడి చెట్టు, ఇంటి కప్పు, ఆరేసిన చీర, పైన బారులు తీరిన కొంగలు, అన్నీ కలిపి ఒక్క ఫోటో తీస్తే ఆ ఊరి సంగతంతా అందులోనే ఉంటుంది.

దూరపు ఫోటో తేలిక అనుకునేవాళ్ళ కోసం కొంత పనివాడితనం కూడా చెబుతాను. జనవరిలోనైనా పొద్దున తొమ్మిది దాటాక నీటి మీద గాలి వేడెక్కి అలలుగా కదలడం మొదలవుతుంది. పొడవాటి లెన్సు పక్షితోపాటు ఆ కదలికను కూడా పెద్దది చేస్తుంది. ఫోటో మెత్తబడుతుంది. మా వాళ్ళు లెన్సు పాడైందని మరమ్మతుకు పంపుతారు, అది నిక్షేపంలా తిరిగి వస్తుంది. 600 మిల్లీమీటర్ల లెన్సుకు ఆ పొద్దెక్కిన గాలి శత్రువు. 70 మీదో 100 మీదో తీసే విశాలమైన దృశ్యంలో ఆ అదురు అంతగా కనిపించదు. లెన్సు కన్నాన్ని ఎఫ్ 8 దగ్గర పెట్టుకుంటే ముందున్న గడ్డి, వెనకున్న కొండ రెండూ అందుతాయి. నేల మీద ఉన్న పక్షులకు షట్టర్ వేగం సెకనులో 500వ వంతు చాలు, ఎగిరేవాటికి 2000వ వంతు దాకా వెళ్ళాలి. తెల్ల కొంగలు ఉంటే వెలుతురు కొంచెం తగ్గించుకోవాలి, లేకపోతే ఈకలు సున్నం కొట్టినట్టు వచ్చి వివరం పోతుంది.

అసలు కష్టం ఎత్తు దగ్గర వస్తుంది. కెమెరాను నీటిమట్టానికి దించాలని అందరూ చెబుతారు, ఒక్క పక్షికి అది నిజం. గుంపుకు అది పనికిరాదు. కిందికి దించేకొద్దీ నీళ్ళు సన్నటి పట్టీ అయిపోతాయి, వెయ్యి బాతులు ఒకదాని చాటున ఒకటి చేరి గోడ కడతాయి. కొంచెం ఎత్తు నుంచి చూస్తే వాటి మధ్య నీళ్ళు తెరుచుకుంటాయి, ఏది మేస్తోందో ఏది నిద్రపోతోందో విడివిడిగా తెలుస్తుంది. అలాగని నాటు పడవలో లేచి నిలబడకండి, ఈ వ్యాసం మీద నింద పడుతుంది. కాపలా గోపురం ఉంది, రంభ రేవు గట్టు ఉంది, ఛత్రపురం దగ్గర తంపర చెరువు గట్టు ఉంది. ఈ తంపరను 2022లో రామ్‌సర్ జాబితాలో చేరినట్టు ప్రకటించారు. మా ఊరికి అంత దగ్గరలో ఉన్నా అక్కడ తల దొరకడం కష్టమని మా వాళ్ళెవరూ దాని ముఖం చూడరు. విశాలమైన దృశ్యంలో ఎక్కడో ఒక కదలిక కూడా కావాలి. వందల పక్షుల్లో ఒకటి రెక్క సాచాలి, లేదా ఒకటి వేరే వైపు తిరగాలి. దానికోసం కాచుకుని కూర్చోవడం తల కోసం వెంటపడటంకన్నా కష్టం.

ఇంకో సంగతి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా జిల్లాలో ఉన్నవాళ్ళకు దాని గురించి చెప్పక్కర్లేదు. తుపానుకు ముందు రంభ ఒడ్డున ఏ చెట్లుండేవో చూద్దామని ఈ మధ్య ఒక మిత్రుడు పాత హార్డ్ డిస్కులు తిరగేశాడు. లకుముకి పిట్టలు బోలెడు దొరికాయి, ఈకకు ఈక లెక్కపెట్టవచ్చు. అవి కూర్చున్న కొమ్మ ఏ చెట్టుదో, ఆ చెట్టు ఏ గట్టు మీదుందో ఒక్కదానిలోనూ తెలియదు. అదే కాలంలో పెళ్ళివారి పిక్నిక్‌లో ఎవరో మామూలు కెమెరాతో తీసిన ఫోటోలో ఒడ్డు, చెట్లు, పడవలు, దూరంగా కొంగలు, అన్నీ ఉన్నాయి. మావాడికి పనికొచ్చింది అదే.

సరస్సు మారుతోంది, ఆ మార్పు ఫోటోల్లోకి ఎక్కాలి. చిలికా, పులికాట్ సరస్సుల ఒడ్డు నుంచి వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సరస్సు లోపల వలలతో, వెదుళ్ళతో కట్టే ఘేరీల గొడవ మాత్రం ఎప్పుడూ వార్తల్లో ఉంటూనే ఉంది. మన ఫోటోల్లో ఆ వెదుళ్ళు కనబడవు. కనబడితే కంప్యూటర్‌లో చెరిపేస్తాం, అడవి అడవిలా ఉండాలట. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకునేది ఆ గుంజ మీదే, చేపలు పట్టే టెర్న్ పిట్టలు వరసగా కూర్చునేది ఆ తాడు మీదే. గుంజను చెరిపితే పక్షి గాల్లో కూర్చున్నట్టవుతుంది, కాబట్టి దాని బదులు ఒక కొమ్మ అతికిస్తారు. అలాంటి ఫోటోకు బహుమతి రావడం కూడా చూశాను.

తల ఫోటోలు పూర్తిగా దండగ అని మాత్రం అనలేను. ఉల్లంకి పిట్టల్లో ఏది ఏదో తేల్చడానికి ముక్కు పొడవు, తోక ఈకల అంచు చూడాలి. పరిశోధకులు పక్షుల కాళ్ళకు వేసే కడియాల మీద అంకెలు చదవాలంటే దగ్గరి ఫోటోనే గతి, ఆ అంకెలతో ఆ పిట్ట ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. అవి పని కోసం తీసే ఫోటోలు. తియ్యండి, రాసుకోండి, పంపవలసిన వారికి పంపండి.

మా జిల్లా సముద్రపు ఒడ్డున తెలుగు మాట్లాడే జాలరుల పల్లెలు చాలా ఉన్నాయి, ఒడియావాళ్ళు నోలియాలంటారు. అక్కడ ఒక పెద్దాయన నేను టెర్న్‌ల వెంట కెమెరా తిప్పుతుంటే చాలాసేపు చూసి, "పిట్టను చూస్తారేమిటి బాబూ, దాని కింద నీళ్ళు ఏ రంగున్నాయో చూడండి" అన్నాడు. ఆయన చెప్పింది చేపల గుంపు గురించి. టెర్న్‌లు మునకలు వేసే చోట వల వేస్తే పడుతుందని. ఫోటోల గోల ఆయనకు అక్కర్లేదు. నేను మాత్రం ఆ రోజు కెమెరా కొంచెం కిందికి దించి తీశాను, నురగ, రంగు మారిన నీటి అంచు, దాని మీద పిట్టలు వచ్చాయి.

ఇప్పుడు పడవెక్కేముందే నడిపే అతనితో బేరం మాట్లాడుకుంటున్నాను. పక్షులు మేత ఆపకుండా తిప్పి తీసుకొస్తే పైడబ్బు, ఒక్క గుంపు లేచినా అది ఉండదు. మొదట్లో వేళాకోళమనుకుని నవ్వారు. తర్వాత ఒకతను పక్క పడవను కూడా కేకేసి ఆపడం మొదలుపెట్టాడు, దాంతో ఆ పడవలోని వాళ్ళకు నామీద కోపం వచ్చింది. ఫోటో పోటీలు పెట్టేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాను. చిత్తడి నేలల విభాగంలో నీళ్ళు కనబడని ఫోటో తీసుకోవద్దని, పక్షి ఫ్రేములో సగానికి మించితే పక్కన పెట్టమని. ఆలోచిస్తామన్నారు. ఆ తర్వాత నన్ను న్యాయనిర్ణేతగా పిలవడం మానేశారు.